వయసుతో వచ్చే మాక్యులా క్షీణత ఎంతమందికి ఉంటుంది? ఒక్కో చోట ఒక్కో అంకె ఎందుకు?

కరపత్రం_పని (ప్రశ్న)

నమస్కారం. అరవై దాటినవాళ్ళ కోసం కంటి జబ్బుల మీద రెండు పేజీల కరపత్రం రాస్తున్నాం. శుక్లాలు, గ్లాకోమా గురించి రాయడం అయిపోయింది. మాక్యులా (కంటి వెనక పొర నడిమి భాగం) క్షీణత, అదే డాక్టర్లు ఏఎండీ అనేది, ఎంతమందికి ఉంటుందో ఒక్క వాక్యంలో చెప్పాలి. పని అక్కడే ఆగింది.

ఒకచోట 8.69 శాతం అని ఉంది. ఇంకోచోట 12.6. మరో రెండు చోట్ల 6.5, 1.47. ఇంకోచోట ఏకంగా 0.37. అన్నీ పేరున్న పరిశోధనలే. మరి వీటిలో దేన్ని రాయాలి? చదివిన పెద్దాయన "అయితే నాకు వచ్చే అవకాశం ఎంత?" అనడిగితే ఏం చెప్పాలి? ఇంట్లో చూసుకునే గళ్ళ చార్టు గురించి కూడా రాయాలనుంది. దాన్ని సరిగ్గా ఎలా వాడాలో, ఎక్కడ పొరపాటు జరుగుతుందో తెలిసినవాళ్ళు చెప్పగలరా?

లెక్కల_గది

మీరిచ్చిన అంకెల్లో తప్పుడుది ఒక్కటీ లేదండీ. ఒక్కోటీ ఒక్కో ప్రశ్నకు జవాబు, అంతే. ఏ అంకె చూసినా ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. ఏ వయసు నుంచి లెక్కపెట్టారు? ఏ దశను లెక్కలోకి తీసుకున్నారు? జబ్బు ఉందని దేన్నిబట్టి తేల్చారు?

8.69, 0.37 రెండూ 2014లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒకే వ్యాసంలోవి. అందులో 39 పరిశోధనలను, దాదాపు 1.3 లక్షల మందిని కలిపి లెక్కకట్టారు. 45 నుంచి 85 ఏళ్ళవాళ్ళలో ఏదో ఒక దశలో ఏఎండీ ఉన్నవాళ్ళు 8.69 శాతం, తొలి దశలో ఉన్నవాళ్ళు 8.01 శాతం, ముదిరిన దశలో ఉన్నవాళ్ళు 0.37 శాతం అని తేలింది. చివరి రెండూ కూడితే 8.69 రాదేమిటని కంగారు పడకండి, మూడింటినీ విడివిడిగా అంచనా వేశారు. 2020కి ప్రపంచంలో 19.6 కోట్ల మంది, 2040కి 28.8 కోట్ల మంది అని అందరూ చెప్పే అంచనా కూడా ఈ వ్యాసంలోదే.

1.47 అమెరికా అంకె. 2004లో వచ్చింది. 40 దాటినవాళ్ళలో ముదిరిన దశ ఒక్కటే లెక్క. 6.5 కూడా అమెరికాదే. 2005-08 సర్వేలో 40 దాటినవాళ్ళకు తీసిన కంటి ఫొటోలను బట్టి, ఏ దశ అయినా సరే అని వేసిన లెక్క. 12.6 అక్కడే 2019కి వేసిన అంచనా. దీనిలోనూ 40 దాటినవాళ్ళు, అన్ని దశలూ ఉన్నాయి. 6.5 నుంచి 12.6కు వెళ్ళింది కాబట్టి జబ్బు రెట్టింపయిందని రాసేవాళ్ళున్నారు, అది పొరపాటు. ఆ రెండింటిలోనూ ముదిరిన దశను మాత్రం చూడండి: 0.8, 0.94. దాదాపు ఒకటే. సాగేదీ కుంచించుకునేదీ ఎప్పుడూ తొలి దశ అంకే. కంటి వెనక ఎంత మచ్చ కనిపిస్తే "ఉంది" అనాలో, ఏ లెక్కపద్ధతి వాడాలో మారితే చాలు, అది మారిపోతుంది.

అసలు సగటు అంకె రాయడమే మీ పాఠకులకు అన్యాయం. ఐరోపా పరిశోధనలను కలిపి 2017లో వేసిన లెక్క చూడండి. 55-59 ఏళ్ళవాళ్ళలో తొలి దశ 3.5 శాతం, 85 దాటినవాళ్ళలో 17.6 శాతం. అంటే అయిదు రెట్లు. ముదిరిన దశయితే 0.1 నుంచి 9.8కి పోయింది, సుమారు వంద రెట్లు! ఆస్ట్రేలియాలో బ్లూ మౌంటెన్స్ పరిశోధనలో 85 దాటినవాళ్ళలో ముదిరిన దశే 18.5 శాతం కనిపించింది. 45 ఏళ్ళాయననూ 85 ఏళ్ళావిడనూ కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఆ ఇద్దరిలో ఎవరికీ వర్తించదు.

ఇంకో మాట. ఈ సర్వేల్లో చాలావాటికి నిజం కన్నా తక్కువ చూపించే గుణం ఉంటుంది. బాగా వయసు మీదపడినవాళ్ళు, మంచం పట్టినవాళ్ళు సర్వే కేంద్రం దాకా రాలేరు. వచ్చినవాళ్ళలోనూ శుక్లం ముదిరి ఉంటే రెటీనా (కంటి వెనక పొర) ఫొటో మసకగా వస్తుంది, దాన్ని లెక్కలోంచి తీసేస్తారు. జబ్బు ఎక్కువగా ఉండే వయసువాళ్ళే ఇలా జారిపోతారు.

జాతుల మధ్య తేడా గురించి కూడా మీకు ప్రశ్న రావచ్చు. ఆ 2014 వ్యాసంలోనే ఐరోపా మూలాలవాళ్ళలో అన్ని దశలూ కలిపి 12.3 శాతం, ఆసియావాళ్ళలో 7.4, ఆఫ్రికా మూలాలవాళ్ళలో 7.5 అని ఉంది. ఆసియావాళ్ళకూ ఐరోపావాళ్ళకూ మధ్య ఈ తేడా ముఖ్యంగా తొలి దశలోనే. ముదిరిన దశకు వచ్చేసరికి చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాబట్టి "మనవాళ్ళకు తక్కువలే" అనే ధీమాకు ఆధారం లేదు.

ఆప్టోమెట్రీ_బల్ల

లెక్కల_గది గారు చెప్పిన "ఎంత మచ్చ" దగ్గర నుంచి అందుకుంటాను. అది తెలిస్తేనే అంకెలు అర్థమవుతాయి.

రెటీనా నడిమధ్యన, సూటి చూపుకు పనికొచ్చే భాగం మాక్యులా. దాని అడుగున పేరుకునే పసుపు పచ్చని చుక్కలను డ్రూసెన్ అంటారు. ఇప్పుడు ఎక్కువగా వాడే 2013 నాటి వర్గీకరణలో కొలత ఇలా ఉంటుంది. 63 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించని చుక్కలు మాత్రమే ఉంటే అది వయసు లక్షణం, జబ్బు కాదు. 63 దాటి 125 లోపు ఉండే మధ్యస్థ చుక్కలుండి, రంగు మార్పులేవీ లేకపోతే తొలి దశ. 125 మైక్రాన్లు దాటినవి ఉన్నా, మధ్యస్థ చుక్కలతోపాటు మాక్యులాలో నల్లబడటం, పాలిపోవడం లాంటి రంగు మార్పులు ఉన్నా నడిమి దశ. కింది పొర అరిగిపోయి ఖాళీ మచ్చ ఏర్పడినా, కొత్త రక్తనాళాలు పుట్టుకొచ్చినా ముదిరిన దశ. 125 మైక్రాన్లంటే ఎంతో ఊహించుకోవాలంటే, దృష్టినాడి అంచు దాటే చోట రెటీనా సిర వెడల్పు సుమారు అంతే. పరీక్ష చేసేవాళ్ళు ఆ సిరనే కొలబద్దగా పెట్టుకుని చూస్తారు.

"నాకు వచ్చే అవకాశం ఎంత" అన్న ప్రశ్నకు జనాభా శాతం ఎందుకూ పనికిరాదు. దానికి వేరే లెక్క ఉంది, అయిదు నిమిషాల పని. ఏరెడ్స్ అనే పెద్ద అమెరికన్ ప్రయోగం నుంచి వచ్చింది. ఒక్కో కంటిలో పెద్ద డ్రూసెన్ (125 మైక్రాన్లు దాటినవి) ఉంటే 1 పాయింటు, రంగు మార్పు ఉంటే 1 పాయింటు. రెండు కళ్ళవీ కలపాలి. పెద్ద డ్రూసెన్ ఏ కంటిలోనూ లేకుండా రెండింటిలోనూ మధ్యస్థ డ్రూసెన్ ఉంటే, రెంటికీ కలిపి 1. ఒక కంటిలో ఇప్పటికే జబ్బు ముదిరి ఉంటే ఆ కంటికి 2. వచ్చే అయిదేళ్ళలో ముదిరిన దశకు చేరే అవకాశం సుమారుగా 0 పాయింట్లకు 0.5 శాతం, 1కి 3, 2కి 12, 3కి 25, 4కి 50 శాతం.

కరపత్రంలో ఈ పట్టిక మొత్తం వేయాల్సిన పనిలేదు. కానీ చదివినవాళ్ళు డాక్టరును ఏం అడగాలో మాత్రం తప్పకుండా రాయండి: "డ్రూసెన్ ఉన్నాయా, ఉంటే పెద్దవా? రంగు మార్పు ఉందా? ఒక కంటికా, రెండింటికీనా? ఏ దశ అని రాశారు?" నివేదికలో "ఏఎండీ" అని మూడక్షరాలు రాసి వదిలేస్తే అందులో 0.5 శాతం ఉన్నారో 50 శాతం ఉన్నారో ఇంటికెళ్ళాక తెలిసే దారి లేదు.

దొరక్కుండా పోయే కేసుల సంగతి కూడా చెప్పాలి. 2017లో అమెరికాలో ఒక పరిశీలన చేశారు. అరవై దాటినవాళ్ళలో, మామూలు కంటి పరీక్షలో మాక్యులా బాగానే ఉందన్న సుమారు 1,300 కళ్ళను మళ్ళీ ఫొటోలు తీసి చూస్తే దాదాపు నాలుగో వంతులో ఏఎండీ ఉంది. వాటిలో 30 శాతం కళ్ళలో పెద్ద డ్రూసెన్ ఉన్నాయి. అక్షరాల చార్టు మీద చివరి వరుస దాకా చదవగలిగినా కంటి వెనక ఇవి ఉండొచ్చు. అందుకే మందు చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేసి చూడని పరీక్షను మాక్యులా పరీక్ష కింద లెక్కవేయకండి. వీలున్నచోట ఓసీటీ స్కాన్ కూడా తీయించుకోవాలి, రెటీనా పొరలు అడ్డంగా కోసి చూసినట్టు కనిపిస్తాయి.

ఇక గళ్ళ చార్టు. దీన్ని ఆమ్‌స్లర్ చార్టు అంటారు. 10 సెంటీమీటర్ల చదరం, అందులో 5 మిల్లీమీటర్ల గళ్ళు 400, నడుమ ఒక చుక్క. చత్వారానికి వాడే దగ్గర చూపు అద్దాలు పెట్టుకోవాలి. మంచి వెలుతురులో, చార్టును 30 సెంటీమీటర్ల దూరంలో నిటారుగా పట్టుకోవాలి. ఒక కంటిని అరచేత్తో నొక్కకుండా మూయాలి. తెరిచిన కన్ను చుక్క మీదే నిలపాలి, చూపు పక్కకు జారకూడదు. అలా చుక్కను చూస్తూనే గమనించాలి: నాలుగు మూలలూ కనిపిస్తున్నాయా? ఏదైనా గీత వంకర పోయిందా? ఎక్కడైనా గళ్ళు చెరిగినట్టు, మాయమైనట్టు ఉన్నాయా? తేడా ఉంటే అది ఎక్కడుందో ఆ కాగితం మీదే పెన్సిల్‌తో గీసి, తేదీ, ఏ కన్నో రాసి దాచాలి. తర్వాత రెండో కన్ను.

తప్పులు ఎక్కువగా జరిగేది మూడు చోట్ల. అన్నింటికన్నా పెద్ద తప్పు రెండు కళ్ళూ తెరిచి చూడటం. బాగున్న కన్ను రెండోదాని లోపాన్ని పూర్తిగా కప్పేస్తుంది. ప్రోగ్రెసివ్ అద్దాలవాళ్ళు తల కిందకు వంచి దూరం చూపు భాగంలోంచి చూస్తారు, అప్పుడు చార్టంతా మసక. వాళ్ళు గడ్డం కొంచెం పైకెత్తి అద్దం అడుగు భాగంలోంచి చూడాలి. మూడోది, కన్ను చుక్కను వదిలి ఒక్కో గీత వెంట పరుగెత్తడం. అలా చూస్తే మాక్యులాలో దెబ్బతిన్న చోటు కూడా కంటితోపాటే కదులుతుంది, లోపం పట్టుబడదు.

చార్టు బాగుందంటే కన్ను బాగుందని కాదు. చిన్న ఖాళీలను మెదడు తనంతట తానే పూరించేస్తుంది. చార్టులో తేడా వస్తే వెంటనే వెళ్ళాలి. తేడా రాకపోయినా మామూలు పరీక్షలు మానకూడదు.

రెటీనా_ఓపీ

పైవాళ్ళు చెప్పినదానికి ఒక కోణం కలుపుతాను. "ఎంతమందికి ఉంది", "ఎంతమందికి చూపు పోతుంది" అన్నవి చాలా దూరదూరపు అంకెలు. 2020లో 50 దాటినవాళ్ళలో ఏఎండీ వల్ల అంధత్వం వచ్చినవాళ్ళు ప్రపంచం మొత్తమ్మీద సుమారు 18 లక్షలు. అంధత్వం దాకా పోకపోయినా చూపు బాగా తగ్గినవాళ్ళు 62 లక్షలు. అదే సంవత్సరానికి అన్ని దశలూ కలిపిన అంచనా 19.6 కోట్లు. రెండూ వేర్వేరు లెక్కపద్ధతులే అయినా, తేడా ఏపాటిదో తెలుస్తుంది. శుక్లాల వల్ల అంధులైనవాళ్ళు అదే లెక్కలో 1.52 కోట్లు. ఒక తేడా ఏమిటంటే, శుక్లం తీస్తే చూపు తిరిగొస్తుంది, చచ్చిపోయిన మాక్యులా కణాలు తిరిగిరావు. అందుకే ఇక్కడ ఆలస్యం అంత చేటు.

ముదిరిన దశలో రెండు రకాలు. పొడి రకంలో కణాల పొర ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా అరిగిపోతుంది. తడి రకంలో రెటీనా అడుగున బలహీనమైన కొత్త రక్తనాళాలు పుట్టి, నీరు, రక్తం కారుతాయి. చూపు రోజుల్లో, వారాల్లో పడిపోతుంది. ఏఎండీ ఉన్నవాళ్ళలో తడి రకం 10-15 శాతమే. కానీ ఇంజెక్షన్లు రాకముందు, ఏఎండీ వల్ల చూపు తీవ్రంగా పోయినవాళ్ళలో పదింట ఎనిమిది, తొమ్మిది మందికి కారణం అదే. మీ కరపత్రంలో ఒకే ఒక్క లక్షణానికి చోటుంటే ఇది రాయండి: తిన్నగా ఉండాల్సిన తలుపు అంచో, అక్షరాల వరుసో ఒక కంటికి కొత్తగా వంకరగా కనిపిస్తే, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ వారంలోనే రెటీనా డాక్టరుకు చూపించాలి.

తడి రకానికి మందుంది. రానిబిజుమాబ్ 2006లో, అఫ్లిబెర్సెప్ట్ 2011లో, ఫారిసిమాబ్ 2022లో అమెరికాలో అనుమతి పొందాయి. క్యాన్సర్ మందుగా వచ్చిన బెవాసిజుమాబ్‌ను కూడా విరివిగా వాడతారు. 2011లో వచ్చిన పోలిక ప్రయోగంలో ఏడాది చివర చూపు విషయంలో అది రానిబిజుమాబ్‌కు తీసిపోలేదు. కంటికి మత్తు చుక్కలు, తర్వాత క్రిములను చంపే పోవిడోన్ అయోడిన్ వేసి, నల్లగుడ్డు అంచు నుంచి 3.5-4 మిల్లీమీటర్ల దూరంలో తెల్లగుడ్డులోంచి సన్నటి సూదితో ఇస్తారు. చాలా మందుల మోతాదు 0.05 మిల్లీలీటరే. సాధారణంగా మొదట నెలకొకటి చొప్పున మూడు. ఆ తర్వాత స్కాన్‌లో నీరు లేకపోతే వ్యవధిని రెండేసి వారాలు పెంచుకుంటూ పోతారు. నీరు మళ్ళీ కనిపిస్తే వెనక్కి తగ్గిస్తారు.

వైద్యం చెడేది ఎక్కువగా ఇక్కడే. మూడు ఇంజెక్షన్లయ్యాక చూపు తేటపడుతుంది, నయమైందనుకుని మానేస్తారు. మందు ప్రభావం కొన్ని వారాలే. ఆ నాళాలు అక్కడే ఉంటాయి, మళ్ళీ కారడం మొదలవుతుంది. ఈసారి మచ్చ కట్టిందంటే ఇంజెక్షన్ వేసినా పోయిన చూపు రాదు.

ఇంజెక్షన్ తర్వాత తెల్లగుడ్డు మీద ఎర్రటి మరక, ఒకరోజు ఇసుక పడ్డట్టు గరగర మామూలే. కానీ మొదటి వారంలో నొప్పి పెరుగుతూ పోవడం, చూపు తగ్గడం, వెలుతురు చూడలేకపోవడం ఉంటే కంటి లోపల ఇన్‌ఫెక్షన్ కావచ్చు. రెండు మూడు వేల ఇంజెక్షన్లకు ఒకసారి జరుగుతుంది. తెల్లవారేదాకా ఆగకుండా అప్పటికప్పుడే వెళ్ళాలి.

పొడి రకంలో మాక్యులా అరిగిన మచ్చ పెరగడాన్ని నెమ్మదింపజేసే ఇంజెక్షన్లు రెండు 2023లో అమెరికాలో అనుమతి పొందాయి. పోయిన చూపును అవి తిరిగి తేవు, పైగా తడి రకం వచ్చే అవకాశాన్ని కొంత పెంచుతాయి. వాటిని కరపత్రంలో పెట్టొద్దని నా సలహా.

కరపత్రం_పని

అందరికీ ధన్యవాదాలండీ, దీంతో చాలా ముళ్ళు విడిపోయాయి. ఇప్పుడు రాసిన వాక్యం ఇది, చూసి చెప్పండి: "వయసు పెరిగేకొద్దీ ఈ జబ్బు వేగంగా పెరుగుతుంది. యాభైల చివర్లో వందమందిలో ముగ్గురు నలుగురికి తొలి దశ ఉంటే, 85 దాటాక వందలో పదిహేడు పద్దెనిమిది మందికి తొలి దశ, మరో పదిమందికి ముదిరిన దశ ఉంటుంది."

రెండు సందేహాలు మిగిలాయి. 4 పాయింట్లకు 50 శాతం అంటే సగంమంది గుడ్డివాళ్ళవుతారనా? విటమిన్ మాత్రల గురించి ఏం రాయాలి?

లెక్కల_గది

వాక్యం బాగుందండీ. "ఐరోపా పరిశోధనల లెక్క ప్రకారం" అని మొదట్లో చేర్చండి, అప్పుడు పూర్తిగా నిజం. 28.8 కోట్ల అంచనా మాత్రం రాయకండి. అది జనాభా పెరుగుదల, ఆయుష్షు కలిపి వేసిన లెక్క. అమెరికాలోని బీవర్ డ్యామ్ పరిశోధనలో తరం తర్వాత తరానికి, అదే వయసుకు కొత్తగా జబ్బు రావడం బాగా తగ్గిందని తేలింది. అంటే ఒక మనిషికి వచ్చే అవకాశం తగ్గుతున్నా, వృద్ధుల సంఖ్య పెరిగినందువల్ల మొత్తం పెరగొచ్చు. రెండు వాక్యాల్లో ఇది వివరించలేం. వివరించకుండా రాస్తే జనం అనవసరంగా భయపడతారు.

రెటీనా_ఓపీ

50 శాతం అన్నది ముదిరిన దశకు చేరే అవకాశం, అంధత్వానికి కాదు. అది కూడా ఒక కంటిలో కావచ్చు, తడి రకమైతే వైద్యం ఉంది. ఏఎండీ ఒక్కటే ఉన్నవాళ్ళకు లోకమంతా చీకటి అయిపోదు. నడిమి చూపు పోతుంది, పక్క చూపు మిగులుతుంది. ఎదుటి మనిషి ముఖం ఆనకపోయినా గదిలో తగలకుండా నడవగలరు. ఈ మాట తప్పకుండా రాయండి, రోగులకు దీనివల్ల ఎంతో ధైర్యం వస్తుంది. చూపు బాగా తగ్గినవాళ్ళలో కొందరికి లేని మనుషులు, ఆకారాలు, పూల నమూనాలు కనిపిస్తాయి. అది మతిభ్రమణం కాదు, ఛార్లెస్ బోనే సిండ్రోమ్ అంటారు. పిచ్చి అనుకుంటారేమోనని చాలామంది ఇంట్లో కూడా చెప్పరు. ఒక్క పంక్తి రాస్తే వాళ్ళ బరువు దిగుతుంది.

మాత్రలు అందరికీ కాదు. నడిమి దశలో ఉన్నవాళ్ళకు, ఒక కంటిలో ముదిరి రెండో కన్ను ఇంకా బాగున్నవాళ్ళకు మాత్రమే. 2001 నాటి మొదటి ఏరెడ్స్ ప్రయోగంలో ఇలాంటివాళ్ళలో అయిదేళ్ళలో జబ్బు ముదిరినవాళ్ళు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 28 శాతం, అసలు మాత్ర వేసుకున్నవాళ్ళలో 20 శాతం. లాభం అంత. జబ్బు లేనివాళ్ళకు రాకుండా ఆపుతుందనడానికి ఆధారం లేదు, తొలి దశలో ఉన్నవాళ్ళకూ లాభం కనిపించలేదు. 2013లో సవరించిన మోతాదు రోజుకు: విటమిన్ సి 500 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ 400 యూనిట్లు, జింక్ 80 మిల్లీగ్రాములు, రాగి 2 మిల్లీగ్రాములు, ల్యూటిన్ 10, జియాజాంథిన్ 2 మిల్లీగ్రాములు. ఎక్కువ జింక్ వల్ల ఒంట్లో రాగి తగ్గి రక్తహీనత రాకుండా రాగి కలుపుతారు. పాత ఫార్ములాలో బీటా కెరోటిన్ ఉండేది. పొగ తాగేవాళ్ళలో, మానేసినవాళ్ళలో అది ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెంచుతుంది. సీసా మీద ఆ పేరుంటే వాళ్ళు కొనకూడదు. మామూలు మల్టీవిటమిన్‌లో ఈ మోతాదులు ఉండవు.

పొగ సంగతి మాత్రం అన్ని దశలవాళ్ళకూ రాయండి. తాగేవాళ్ళకు ముప్పు రెండు నుంచి నాలుగు రెట్లు. వయసునూ జన్యువులనూ మార్చుకోలేం, ఇది మార్చుకోగలం.

ఆప్టోమెట్రీ_బల్ల

చార్టును కరపత్రంలోనే అచ్చు వేస్తున్నట్టయితే ఒక జాగ్రత్త. ప్రింటర్‌లో "పేజీకి సరిపోయేలా" అన్న సెట్టింగు ఉంటే చదరం 10 సెంటీమీటర్ల నుంచి తొమ్మిదికో ఎనిమిదిన్నరకో కుంచించుకుపోతుంది. దాన్ని 100 శాతానికి మార్చి, మొదటి కాపీ రాగానే స్కేలు పెట్టి కొలవండి. నిగనిగలాడే కాగితం వద్దు, దీపం వెలుగు పడి గళ్ళు మెరిసిపోతాయి. మందమైన తెల్ల మ్యాట్ కాగితం మీద నల్ల గీతలే మేలు. మిగతా అక్షరాలు కూడా 16 పాయింట్లకు తగ్గకుండా, లేత రంగులు లేకుండా చూడండి. ఆ కాగితం అవసరం ఎక్కువగా ఉన్నవాళ్ళకు చిన్న అక్షరాలే ముందు ఆనవు.